మూడు దొంగ తప్పులు

నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఒక చిన్న పుస్తకాన్ని నేను ఇల్లు మారిన ప్రతిసారీ బట్టల మధ్య చుట్టి నాతో తీసుకెళ్ళాను. నాలుగు ఇళ్ళు మారాను. నీలం అట్ట, పై అంచున తీగచుట్ట, అరచేయంత పుస్తకం. ఒకసారి వంటింటి త్రాసులో పెట్టి తూచాను. మూడుంపావు ఔన్సులు. అంత తేలిక వస్తువు ఒక మనిషికి ఇంత భారం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేను. మా వారికి చెప్పలేదు, మా అమ్మాయికి చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నాను, చాలాసార్లు. కానీ దేవుడి దగ్గర ఒప్పుకోవడం నాకు మరీ తేలికైపోయింది. ఆయనకు ముందే తెలుసు కదా. ఏమీ తెలియని మనిషికి చెప్పడం వేరు. ఆ పని ఈ వేళ మీతో మొదలుపెడుతున్నాను.

నాకిప్పుడు ఎనభై ఎనిమిది. అంకె తప్పు రాయడం నాకు చేతకాదని నన్నెరిగినవాళ్ళంతా అంటారు. బాపట్లలో తొమ్మిదేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అమెరికా వచ్చాక పద్దెనిమిదేళ్ళు ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేశాను. రోగి పుట్టిన తేదీలో అనుమానం వస్తే డాక్టర్లు కాగితాన్ని కాదు, నన్ను అడిగేవారు. అలాంటి నేను తెలిసి తెలిసి మూడు తప్పు అంకెలు రాశాను. 1979 జూన్ 23న ఒకటి. జూలై 24న ఒకటి. ఆగస్టు 21న ఒకటి. మూడు చోట్లా నేను రాసింది ‘1’. రాయవలసింది ‘0’.

అంతే. నేరం ఇంతే. కానీ ఆ సున్నాలు ఎవరివో, వాటిని ఎందుకు కాజేశానో చెప్పకపోతే మీకు అర్థం కాదు.

అప్పుడు మేము ఇల్లినాయిలో అరోరాలో ఉండేవాళ్ళం. నాకు నలభై ఏడు నడుస్తోంది. మా వారు వంతెనల డ్రాయింగులు గీసే ఇంజనీరు. మంచివాడు, మాట తక్కువ. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం బడి గంట కొట్టే వేళకి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడేవాడు. ఇరవై ఏళ్ళకి అదే మనిషి ఒకే గదిలో పేపరు వెనక ఉండేవాడు. దెబ్బలాట ఏమీ లేదు. ఆయనకి నాతో పని తక్కువైంది, నాకు ఆయనతో పని తక్కువైంది. పని తక్కువైతే ప్రేమ తక్కువైనట్టేనని అప్పట్లో నా లెక్క.

ఆ ప్రేమనంతా తీసుకెళ్ళి కూతురి మీద పెట్టాను. ఒక్కతే కూతురు, సునీత. దానికి కారు నేనే నేర్పాను. పదకొండు పాఠాలు. పదకొండో పాఠం అయిన వారానికి లైసెన్సు వచ్చింది. 1978 ఆగస్టులో ఆ కారులోనే సామాను సర్దుకుని కాలేజీకి వెళ్ళిపోయింది. వెనక అద్దంలో నాకేసి చూస్తుందేమోనని వీధి మలుపు దాకా నిలబడి ఉన్నాను. అద్దంలో చూసే ఉంటుంది, నేనే నేర్పాను కదా. కానీ నా కోసం కాదు, వెనక వచ్చే బండి కోసం.

ఆదివారాలు ఫోను చేసేది. నేను గడియారం చూసి నిమిషాలు రాసుకునేదాన్ని. సెప్టెంబరులో నలభై. క్రిస్మస్ ముందు ఇరవై రెండు. మార్చి వచ్చేసరికి తొమ్మిది. ఎందుకు రాసుకున్నాను? కొలవగలిగేది నా చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. కొలిచినంత మాత్రాన తగ్గకుండా ఆగదని లెక్కల టీచరుకి తెలియదా? తెలుసు. అయినా రాశాను.

సునీత వెళ్ళిన ఆ 1978లోనే, అక్టోబరులో ఎస్తేరు వచ్చింది.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. తెనాలి వాళ్ళు. గుంటూరులో ఒక ఆసుపత్రి లాబ్‌లో మూడేళ్ళు పనిచేసి, పెళ్ళి చేసుకుని, భర్త జాన్‌బాబు దగ్గరికి వచ్చింది. మేము తెలుగువాళ్ళం పదకొండు కుటుంబాలు ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళ కింది హాల్లో ఆరాధన పెట్టుకునేవాళ్ళం. అక్కడ మొదటిసారి చూశాను. జాన్‌బాబు ఒక ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. తోటి పనివాడి బండిలో వెళ్ళేవాడు కాబట్టి అతని కారు పగలంతా ఇంటి ముందే ఉండేది. కిటికీలోంచి చూస్తే కారు కనపడుతుంది, ఎస్తేరు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. బస్సు లేదు. పాల డబ్బా కావాలన్నా ఒకటిన్నర మైళ్ళు.

జాన్‌బాబు రెండుసార్లు నేర్పబోయాడు. రెండోసారి ఆ పిల్ల కారు దిగి, మంచులో చెప్పులతో ఇంటికి నడిచి వచ్చేసింది. ఆ ఆదివారం నా దగ్గరికొచ్చి, “అక్కా, నువ్వు నేర్పు. నువ్వు అరవవంట కదా,” అంది.

అరవను. నేనెప్పుడూ ఎవరి మీదా అరవలేదు. నేను చేసింది వేరు.

1979 మార్చి 20, మంగళవారం, మొదటి పాఠం. మంగళవారాలు నా పని అయ్యాక సాయంత్రం నాలుగున్నరకి, శనివారాలు పొద్దున తొమ్మిదికి. ప్రతి పాఠానికీ పుస్తకంలో ఒక వరస: తేదీ, మైళ్ళు, తప్పులు. నియమం కూడా నేనే పెట్టాను. వరుసగా పది పాఠాల్లో ఒక్క తప్పూ లేకపోతే టెస్టుకి తీసుకెళ్తాను. మధ్యలో తప్పు పడితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. కూతురికి ఇలాంటి నియమం ఏమీ పెట్టలేదు. మరి ఈ పిల్లకి ఎందుకు పెట్టాను? జాగ్రత్త కోసమని అందరికీ చెప్పాను. నేనూ నమ్మాను. కొంత నిజం కూడా.

మొదటి పద్దెనిమిది పాఠాల్లో తప్పులు ఉన్నాయి, నిజమైనవి. మొదటి సున్నా మే 22న పడింది. అప్పటికే మా ఇద్దరికీ ఒక అలవాటు ఏర్పడింది. పాఠం అయ్యాక సరుకులు కొనుక్కుని మా ఇంటికి వచ్చేవాళ్ళం. వంటింట్లో ఎత్తు స్టూలు ఒకటి ఉండేది, సునీత దాని మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఎస్తేరు దాని మీద కూర్చుని కాళ్ళాడిస్తూ టీ తాగేది. వాళ్ళ అమ్మ ఉత్తరం పైకి చదివేది. తలనొప్పి అంటే నేను తలకి నూనె పెట్టేదాన్ని. జాన్‌బాబుకి చెప్పని మాటలు నాకు చెప్పేది. వెళ్ళే ముందు, “మళ్ళీ మంగళవారం దాకా నాకు నోరు మూతే అక్కా,” అనేది. ఆ మాట కోసం నేను ఎదురుచూసేదాన్ని. ఆ మాట విన్న రోజు నాకు ఇల్లు ఖాళీగా అనిపించేది కాదు.

జూన్ 19 నాటికి వరుసగా తొమ్మిది సున్నాలు. ఎస్తేరు వేళ్ళు మడిచి చూపించి, “ఇంకొక్కటేనక్కా,” అంది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఎందుకో అప్పుడు నాకు తెలియదంటే మీరు నమ్ముతారా? నిజంగా తెలియదు. వంట్లో బాగాలేదనుకుని మిరియాల చారు పెట్టుకున్నాను.

జూన్ 23, శనివారం. ఏడు మైళ్ళు. ఒక్క తప్పు లేదు. సరుకుల కొట్టు ముందు గీతల మధ్య సరిగ్గా ఆపింది. నేను పుస్తకం తెరిచి, పెన్ను పెట్టి, ‘1’ అని రాశాను. ఆలోచించి రాయలేదు. చెయ్యి రాసింది. అలా అంటే చెయ్యి వేరే వాళ్ళదైనట్టు ఉంది. నేనే రాశాను. లేన్ మారేటప్పుడు కుడి భుజం మీదుగా చూడలేదని చెప్పాను. అద్దాల్లో కనపడని చోటు అది, తల తిప్పి చూస్తేనే కనపడుతుంది. చూశారో లేదో కాగితం మీద నిరూపించలేని తప్పు అదొక్కటే. అది ఏరుకున్నానంటే చెయ్యి అంత అమాయకంగా ఏమీ రాయలేదన్నమాట.

ఎస్తేరు నవ్వేసింది. “మళ్ళీ మొదటికా, సరే పద,” అంది. ఆ రోజు టీ తాగుతూ ఎప్పటికంటే ఎక్కువ సేపు కూర్చుంది. నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషాన్ని దాచకుండా రాయాలి. చాలా రోజుల తరవాత అంత సంతోషంగా ఉన్నాను.

మళ్ళీ ఎనిమిది సున్నాలు వచ్చాయి. ఈ మధ్యలో, జూలై రెండో వారంలో, ఆరు మైళ్ళ దూరంలో ఒక క్లినిక్ లాబ్‌లో మనిషి కావాలని తెలిసింది. ఎస్తేరు వెళ్ళింది. తీసుకెళ్ళింది నేనే. బయట కారులో యాభై నిమిషాలు కూర్చున్నాను. మొహం వెలిగిపోతూ వచ్చింది. గుంటూరు సర్టిఫికెట్లు చూసి, సూదితో రక్తం తీయమని చూసి, తీసుకుంటామన్నారట. సెప్టెంబరు 4న చేరాలి. పని వేళలు మారుతుంటాయి, రాకపోకలకి ఎవరి మీదా ఆధారపడకూడదు, ఆగస్టు నెలాఖరులోగా లైసెన్సు చూపించాలి. ఇదొక్కటే షరతు.

ఇప్పుడు నేనేం చేయాలి? మీరైతే ఏం చేసేవారు? ఆ మర్నాడే టెస్టుకి తీసుకెళ్ళేవారు. జూలై 24న తొమ్మిదో సున్నా రాయవలసిన చోట నేను రెండోసారి ‘1’ రాశాను. ఇంకా నెల పైన ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మూడోది ఆగస్టు 21. దాని గురించి నాకు నేను చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. ముందు రోజు క్యాలెండరు ముందు నిలబడి లెక్క వేశాను. 21న ఎనిమిదో సున్నా, 25న తొమ్మిది, 28న పది. 29న గానీ 30న గానీ టెస్టు. 31కి లైసెన్సు. సరిపోతుంది. సరిపోతుందని తెలిశాక రాసిన ఒకటి అది.

ఆ సాయంత్రం మాట్లాడుకున్నది నాకు పొల్లు పోకుండా గుర్తుంది. నది పక్క రోడ్డు మీద తిరిగి వచ్చి కొట్టు ముందు ఆపింది. ఇంజను ఆపి, తాళాలు ఒళ్ళో పెట్టుకుని, నా చేతిలో పుస్తకం వైపు మెడ సాచింది.

“ఎంతక్కా?”

“ఒకటి.”

“ఎక్కడ?”

“గ్యాస్ స్టేషన్ దాటాక కుడి లేన్‌లోకి మారావు చూడు. భుజం మీదుగా చూడలేదు.”

“చూశానక్కా.”

“చూడలేదు ఎస్తేరూ.”

“అదేంటి, నీ చెవి కమ్మ కూడా కనపడింది నాకు. ఎర్రరాయి మెరిసింది. తల తిప్పకుండా ఎలా కనపడుద్ది?”

ఇక్కడ బండి నడిపేవాళ్ళది ఎడమ సీటు, నేను కుడి సీటులో కూర్చునేదాన్ని. తను కుడివైపు తల తిప్పినప్పుడల్లా ఆ ముఖం నాకు మూరెడు దూరంలోకి వచ్చేది. చూసింది. ఆ కళ్ళు నన్ను దాటి కిటికీ బయటికి వెళ్ళడం నేను స్పష్టంగా చూశాను.  అప్పుడు ఒక జవాబు తోచింది. అది తోచడమే నా జన్మలో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని.

“అదే చెప్తున్నా,” అన్నాను. “నువ్వు నన్ను చూశావు. రోడ్డుని చూడలేదు.”

తను అద్దంలోకి, బయటికి, నా చెవి వైపు మార్చి మార్చి చూసింది. కాజేసిన వస్తువు కోసం ఇల్లుగలవాడు వెతుకుతుంటే దొంగ పక్కనే నిలబడి చూసినట్టు చూశాను.

“అంతేనంటావా?” అంది చివరికి.

“నేను పక్కనే ఉన్నానుగా.”

“నెలాఖరుకి చూపించమన్నారు వాళ్ళు. ఈయన్ని ఒక పూట లీవ్ పెట్టమని టెస్ట్‌కి తీసుకెళ్ళమంటే...”

“అడుగు. నేను వద్దనను. దారిలో ఎవరినైనా గుద్దితే మాత్రం నన్ను అనొద్దు.”

“ఈయన పక్కనుంటే నేను గుద్దేది ఈయన్నే,” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. “వద్దులే అక్కా. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేనప్పుడు ఆ లాబ్‌లో మైక్రోస్కోప్‌లో మాత్రం ఏం చూస్తాను? ఇంకోటొస్తుందిలే.”

వెళ్ళి సరుకులు కొనుక్కున్నాం. టీ తాగాం. ఆ రోజు నేను తలకి నూనె పెడుతుంటే నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఓదార్చాను. నాకు కావలసింది అదే కదా, దొరికింది. మీకు అసహ్యం వేస్తే నేనేమీ అనుకోను.

ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. ఆ వారం నుంచి నేను నిజమే రాశాను. సిగ్గుపడి కాదు. ఇక అడ్డుకోవలసిన అవసరం లేకపోయింది. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 25 దాకా పది సున్నాలు. మొత్తం యాభై అయిదు పాఠాలు. సెప్టెంబరు 29, శనివారం, టెస్టు. లైసెన్సు ఆఫీసులో పరీక్ష పెట్టినాయన కారు దిగి, ఇంత జాగ్రత్తగా పక్కకి చూసేవాళ్ళని తను అరుదుగా చూస్తానన్నాడట. మళ్ళీ అలాంటి లాబ్ ఉద్యోగం ఆ పిల్లకి దొరికింది 1981 ఏప్రిల్లో. పంతొమ్మిది నెలలు.

లైసెన్సు వచ్చిన మరుసటి వారం, ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో ఎస్తేరు లేచింది. మాలో అది ఆనవాయితీ. దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నిలబడి నలుగురిలో చెప్పి స్తుతించాలి. జబ్బు తగ్గిందనో, ఉత్తరం వచ్చిందనో చెప్తారు. ఎస్తేరు చీర చెంగు భుజం మీదుగా కప్పుకుని, “ప్రభువు నాకు ఈ దేశంలో ఒక అక్కనిచ్చాడు. యాభై అయిదు సార్లు నా పక్కన కూర్చుంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు కనపడని తప్పు కూడా నాకు చూపించింది. దేవునికి స్తోత్రం,” అంది. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మగారు నా మోచెయ్యి నొక్కి, “మా ఆయన దగ్గర నేర్చుకుంటే నాకొచ్చింది లైసెన్సు కాదమ్మా, బీపీ,” అన్నారు. నేనూ నవ్వాను. అప్పుడు లేచి నిలబడవలసింది. ఆ హాల్లో ఆ వేళ ముప్పై నాలుగు కుర్చీలు ఉన్నాయి. నాది తప్ప మిగతా కుర్చీలన్నీ లెక్కపెట్టి కూర్చున్నాను.

నేను భయపడినట్టే జరిగింది. ఎస్తేరు రాకపోకలు తగ్గాయి. వారానికి రెండు సార్లు వచ్చేది ఒకసారి అయింది, తరవాత నెలకొకసారి. కానీ ఒక సంగతి నా లెక్కకి అందలేదు. అవసరం తీరాక కూడా వచ్చింది. తనే డ్రైవ్ చేసుకుని, ఏ పనీ లేకుండా. స్టూలు మీద కూర్చుని, “ఊరికే వచ్చానక్కా,” అనేది. ఆ ‘ఊరికే’ అన్నదాన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. అవసరం లేకుండా మనిషి మనిషి దగ్గరికి వస్తుందని నలభై ఏడేళ్ళ దాకా నాకెవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. 1983లో వాళ్ళు జార్జియా వెళ్ళిపోయారు, అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాకి.

నేను నేర్చుకున్నది ఆ మరుసటి ఏడు. నేర్పింది మా వారు.

1984 ఫిబ్రవరిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. స్నానం, అన్నం, బట్టలు, అన్నీ నేనే. జీవితమంతా నేను కోరుకున్నట్టు ఒక మనిషికి పూర్తిగా అవసరమయ్యాను. దానివల్ల మా ఇద్దరికీ దగ్గరితనం పెరిగిందా? లేదు. ఆయన నా చేతుల కింద ముఖం పక్కకి తిప్పుకునేవాడు. జూన్‌లో ఒక ఉదయం చొక్కా నా చేతిలోంచి తీసుకుని, ఎడమ చేత్తో బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆరు బొత్తాలు. ఒకటి పెట్టి, జారిపోతే మళ్ళీ పెట్టి. పద్నాలుగు నిమిషాలు పట్టింది. నా చేతులు అల్లాడిపోయాయి. వాటిని వెనక కట్టుకుని నిలబడ్డాను. ఆఖరి బొత్తాం పెట్టుకుని ఆయన నాకేసి చూశాడు. పాతికేళ్ళ కిందట బడి గేటు దగ్గర చూసినట్టే.

అప్పుడు నాకు నీలం అట్ట పుస్తకం గుర్తొచ్చింది. ఎస్తేరుని తన చేత్తో నేను పెట్టుకోనివ్వని ఆఖరి బొత్తాం అది.

ఆయన 1986 అక్టోబరులో పోయారు. ఎస్తేరుకి ఫోను చేసి చెప్పింది సునీత. మర్నాడు సాయంత్రం అయిదింటికి మా ఇంటి ముందు కారు ఆగింది. ఏడువందల ఇరవై మైళ్ళు. ఒక్కతే. తెల్లవారకముందే బయల్దేరిందట. వచ్చి నన్ను పట్టుకుని, “నువ్వు నేర్పిందే అక్కా, లేకపోతే ఎలా వచ్చేదాన్ని,” అంది. ఆయన పోయినందుకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

శ్మశానానికి నన్ను తన కారులోనే ఎక్కించుకుంది. నేను కుడి సీటులో, మళ్ళీ. లేన్ మారేటప్పుడు తల తిప్పి చూసింది. ముందుకి తిరిగింది. మళ్ళీ తల తిప్పి చూసింది. ప్రతిసారీ అంతే, రెండేసి సార్లు. దారిలో అయిదు సార్లు లేన్ మారింది. పదిసార్లు చూసింది.

“రెండేసి సార్లు ఎందుకు చూస్తావు?” అన్నాను.

“నువ్వే చెప్పావుగా. మొదటిసారి పక్కనున్న మనిషిని చూసేస్తాను, రోడ్డు కనపడదు. అందుకని రోడ్డు కోసం ఇంకోసారి.”

“ఎవరూ లేనప్పుడు?”

“లేకపోయినా అంతే. నువ్వున్నట్టే ఉంటుంది నాకు.”

నోటిదాకా వచ్చింది. నోరు తెరిచాను కూడా. మా వారి శవపేటిక ముందు బండిలో ఉంది. అప్పుడు చెప్తే నా పక్కన ఇక ఎవరు మిగులుతారు? మూసుకున్నాను. యాభై నాలుగేళ్ళకి, ఆ బొత్తాలు చూశాక కూడా, నేను మారింది అంత మాత్రమే.

ఆ తరవాత ఏటా సెప్టెంబరు 29న ఎస్తేరు ఫోను చేస్తుంది. థాంక్స్ చెప్తుంది. ఒక్క ఏడాది కూడా మానలేదు. పోయిన నెల మామూలు రోజు చేసింది. మనవరాలికి డ్రైవింగ్ నేర్పుతోందట. వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినపడింది. “అమ్మమ్మా, టూ టైమ్స్ ఎందుకు? నా మెడ పట్టేస్తోంది.” ఎస్తేరు నవ్వి, “మా అక్క రూల్ అది. నోర్మూసుకుని చూడు,” అంది.

ఫోను పెట్టేశాక పుస్తకం బయటికి తీశాను.

రికార్డుల గదిలో మాకు ఒక పద్ధతి ఉండేది. తప్పు పడితే చెరపకూడదు, సున్నం పూసినట్టు తెల్ల రంగు వేయకూడదు. అడ్డంగా ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో ఎవరైనా చదువుకోగలగాలి. పక్కన సరైనది రాసి, ఆ రోజు తేదీ వేసి, సంతకం చేయాలి. తప్పు తప్పుగానే ఉంటుంది. కాకపోతే అది తప్పని ఇక నుంచి కాగితానికి తెలుస్తుంది.

నిన్న పొద్దున బల్ల దగ్గర కూర్చుని ఆ మూడు ఒకట్ల మీద మూడు గీతలు కొట్టాను. పక్కన మూడు సున్నాలు రాశాను. తేదీ వేశాను. సంతకం చేశాను, ఎవరైనా చదవచ్చు. ఆఖరి పేజీలో మొత్తం సరిచేశాను. మే 22 నుంచి సెప్టెంబరు 25 దాకా ముప్పై ఏడు పాఠాలు, తప్పులు సున్నా. అర్హత వచ్చింది జూన్ 23న. ఆలస్యం తొంభై నాలుగు రోజులు. దాని కింద ఎందుకు అలా చేశానో నాలుగు వాక్యాల్లో రాశాను. మీకు రాసినంత కూడా రాయలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే ఇచ్చేస్తుందని నా భయం. యాభై అయిదు సార్లు నా మాట నమ్మిన మనిషికి, ఈ ఒక్కసారైనా ఏమనుకోవాలో నేను చెప్పకూడదు.

పుస్తకం కవరులో పెట్టి చిరునామా రాస్తుంటే సునీత ఎవరికని అడిగింది. ఎస్తేరుకని చెప్పాను. పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది, నేను కారు దిగి నా చేత్తో వేశాను. ఆ కవరు అల్ఫారెట్టా చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. తను ఫోను చేస్తుందో లేదో తెలియదు. ఈ సెప్టెంబరు 29న ఫోను మోగకపోవచ్చు. మోగకపోతే అది నేను రాసిన అంకె కాదు, తను రాసింది. దాన్ని నేను దిద్దను.

ఇంటికొచ్చి కాఫీ కలుపుకున్నాను. బట్టల బీరువాలో ఆ అర ఖాళీగా ఉంది. అక్కడ చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. ఏమీ తగల్లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నా దగ్గర కొలత లేదు.

ఒక్కటి చెప్పడం మరిచాను. కవరు అంటించే ముందు పుస్తకం మళ్ళీ తెరిచి, ఆగస్టు 21 పక్కన ఇంకో మాట రాశాను. “ఎస్తేరూ, ఆ రోజు నువ్వు చూసింది రోడ్డునే. ఒకసారి చూస్తే చాలు.”